పిల్లలను నిద్రపుచ్చే ఐదు దారులు: మీకు ఏది సరిపోతుంది?

దీపం తీసేసి పది నిమిషాలవుతుంది. గదిలోంచి "నాన్నా, దాహం" అని పిలుపు. నీళ్లు తాగించి వస్తే, కాసేపటికి దుప్పటి జారిపోయిందని మరో పిలుపు. దుప్పటి సర్దాక, పగలంతా గుర్తుకు రాని ప్రశ్న ఒకటి బయటపడుతుంది: "చేపలు కళ్లు మూసుకోకుండా ఎలా పడుకుంటాయి?" ప్రశ్న నిజంగా బాగుంటుంది. జవాబు చెప్పాలనీ అనిపిస్తుంది. గడియారం చూస్తే పదవుతూ ఉంటుంది.

ఇలాంటి రాత్రుల్లో ఉన్న తల్లిదండ్రులకు సలహాలకు కొదవ ఉండదు. పక్కన పడుకుంటే ఇక ఎప్పటికీ వదలరని ఒకరు భయపెడతారు. ఏడుస్తున్న పసిదాన్ని గదిలో వదిలి రావడానికి మనసెలా ఒప్పుతుందని ఇంకొకరు నిలదీస్తారు. వినేవారికి ఏం చేసినా తప్పే అనిపిస్తుంది. మా పాపకు ఏడాదిన్నర వచ్చినప్పటి నుంచి మూడున్నరేళ్ల వరకు ఈ దారుల మధ్య నేనూ తిరిగాను. ఆ తిరుగుడులో నాకు గట్టిగా తెలిసింది ఒకటుంది. మీరు ఓపికగా, హుషారుగా ఉన్న సాయంత్రాన్ని చూసి పద్ధతిని ఎంచుకోకండి. ఒళ్లు హూనమై, మర్నాడు పెందలాడే లేవాల్సి ఉన్న రాత్రిని చూసి ఎంచుకోండి. ఆ రాత్రి కూడా మీరు చేయగలిగినదే పిల్లలకు అలవాటవుతుంది. మిగతావన్నీ నాలుగు రోజుల ముచ్చట.

ఈ పోలిక ముఖ్యంగా ఏడాది దాటి ఆరేళ్ల లోపు ఉన్న పిల్లల గురించి. ఏడాది లోపు పసివాళ్ల సంగతి వేరు, దాన్ని కింద విడిగా రాశాను.

## ముందు ఏమేమి చూసుకోవాలి

ఎంత నిద్ర కావాలి. అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో చెప్పిన లెక్క ఇది: ఏడాది నుంచి రెండేళ్ల వారికి రోజుకు 11 నుంచి 14 గంటలు, మూడు నుంచి ఐదేళ్ల వారికి 10 నుంచి 13 గంటలు, ఆరేళ్ల నుంచి 9 నుంచి 12 గంటలు. ఐదేళ్ల లోపు వారి లెక్కలో పగటి నిద్ర కూడా కలిసి ఉంది. చాలా ఇళ్లలో పొరపాటు ఇక్కడే మొదలవుతుంది. రోజుకు 12 గంటలు చాలిన నాలుగేళ్ల పిల్లవాడు మధ్యాహ్నం రెండు గంటలు పడుకున్నాడంటే రాత్రికి మిగిలేది పది గంటలే. పొద్దున ఏడింటికి లేస్తాడంటే రాత్రి తొమ్మిది దాకా నిద్ర రాదు. వాణ్ణి ఎనిమిదింటికే మంచం ఎక్కిస్తే ఆ గంటసేపూ మనం చూసేది మొండితనం అనుకుంటాం. నిజానికి వాడికి నిద్ర రావడం లేదు, అంతే.

కన్ను అంటుకునే క్షణంలో పక్కన ఏముంది. నాకు అన్నిటికన్నా ముఖ్యంగా అనిపించేది ఇదే. నిద్ర ఒకే బిగిన సాగదు, విడతలు విడతలుగా సాగుతుంది. విడతకూ విడతకూ మధ్య పిల్లలు కదులుతారు, పక్కకు ఒత్తిగిలుతారు, ఒక్కోసారి కళ్లు తెరుస్తారు. పెద్దవాళ్లమూ అంతే, కాకపోతే పొద్దునకు మనకు గుర్తుండదు. నిద్రపోయేటప్పుడు చుట్టూ ఎలా ఉందో కళ్లు తెరిచినప్పుడూ అలాగే ఉంటే మళ్లీ నిద్రలోకి జారుకుంటారు. అప్పుడు వీపు మీద ఉన్న చేయి ఇప్పుడు లేకపోతే లేచి కూర్చుని దాన్ని వెతుక్కుంటారు. రాత్రి రెండింటికి వచ్చే ఏడుపుకు కారణం చాలాసార్లు రాత్రి తొమ్మిదింటి దగ్గరే ఉంటుంది.

పేచీ వెనక ఏముంది. నిద్ర రాకపోవడం, చీకటి భయం, అమ్మానాన్నలు దూరమవుతారన్న దిగులు, "ఇంకొక్కసారి" అంటే ఎంతవరకు సాగుతుందో చూద్దామన్న ఉబలాటం. బయటికి నాలుగూ ఒకేలా కనిపిస్తాయి. ఒకదానికి పనికొచ్చే మందు మరొకదాన్ని ముదరబెడుతుంది. భయపడుతున్న పిల్లతో కఠినంగా ఉంటే భయం పెరుగుతుంది. సరదాగా సాగదీస్తున్న పిల్లను ప్రతిసారీ ఓదారిస్తే సాగదీయడం పెరుగుతుంది.

ఇంట్లో ఎవరెవరు ఉన్నారు. ఒకే గదిలో ఇద్దరు పిల్లలున్నా, పక్క గదిలో జబ్బు మనిషి ఉన్నా, ఇద్దరిలో ఒకరికి రాత్రి డ్యూటీ ఉన్నా కొన్ని దారులు ముందే మూసుకుపోతాయి. అందులో మీ తప్పేమీ లేదు.

## ఏ దారిలోనైనా తప్పనివి

పద్ధతి ఏదైనా, రోజూ అవే పనులు అదే వరుసలో జరగాలి. 2009లో నిద్ర పరిశోధకురాలు జోడీ మిండెల్ బృందం 405 మంది తల్లులు, వారి పసిపిల్లలతో ఒక అధ్యయనం చేసింది. వారికి చెప్పిన పని చాలా చిన్నది. స్నానం, ఒంటికి మర్దనో లేపనమో, ఆ తర్వాత నెమ్మదైన పని ఏదైనా, అరగంటలో దీపం తీసేయడం. రెండు వారాలు ఇలా చేసేసరికి పిల్లలకు త్వరగా నిద్ర పట్టింది, రాత్రి మెలకువలు తగ్గాయి, తల్లుల మనసులూ తేలికపడ్డాయి. 2015లో అదే పరిశోధకురాలి ఆధ్వర్యంలో 14 దేశాల నుంచి పదివేల మందికి పైగా తల్లులను అడిగి చూస్తే, వారంలో ఎన్ని ఎక్కువ రాత్రులు క్రమం పాటిస్తే నిద్ర అంత మెరుగ్గా ఉన్నట్టు తేలింది. వారానికి ఏడు రాత్రులూ కుదరకపోయినా నాలుగు రాత్రులు పాటించడం వృథా పోదన్నమాట. నాకు ఇది పెద్ద ఊరట.

రెండోది వెలుతురు. చిన్నపిల్లల కంటిపాప పెద్దది, లోపలి కటకం తేటగా ఉంటుంది. అందువల్ల అదే దీపం కింద మన కంటిలోకి కన్నా వాళ్ల కంటిలోకి ఎక్కువ వెలుతురు పోతుంది. నిద్రను పిలిచే మెలటోనిన్ హార్మోను వెలుతురుకు వెనకాడుతుంది. కొలరాడో విశ్వవిద్యాలయం పరిశోధకులు మూడు నుంచి ఐదేళ్ల పిల్లలను పడుకునే ముందు గంటసేపు ప్రకాశవంతమైన వెలుతురులో ఆడుకోనిచ్చి 2018లో ఫలితాలు ప్రచురించారు. మెలటోనిన్ దాదాపు 90 శాతం పడిపోయింది. దీపం తీసేసిన 50 నిమిషాల తర్వాత కూడా చాలామందిలో కోలుకోలేదు. పదిమంది పిల్లలతో చేసిన చిన్న అధ్యయనమే అయినా ఇంట్లో పరీక్షించి చూడటం సులువు. పడుకునే ముందు గంటలో పెద్ద దీపం ఆపి చిన్న దీపం వేయండి. ఫోను, టీవీ ఆ గంటలో గదిలో లేకుండా చూడండి.

మూడోది, పొద్దున లేచే వేళ. రాత్రి ఎంత ఆలస్యమైనా పొద్దున ఒకే సమయానికి లేపాలి. మనసొప్పదు, తెలుసు. కానీ రాత్రి వేళను నిలబెట్టేది అదే.

## ఒకటి: పక్కన పడుకుని నిద్రపుచ్చడం

మా పాప నా చెవి తమ్మెను రెండు వేళ్ల మధ్య పట్టుకుని నిద్రపోయేది. మొదట ఆ వేళ్లు తమ్మెను నలుపుతూ తిరిగేవి. తర్వాత ఆగి ఆగి కదిలేవి. ఆ తర్వాత చేయి ఒక్కసారిగా బరువెక్కి నా మెడ మీదకు జారేది. అక్కడితో అయిపోలేదు. ఇంకో పావుగంట కదలకూడదు. తన తల కింద ఉన్న నా చేతిని కొద్దికొద్దిగా లాక్కుంటూ, మోచేయి బయటికి వచ్చేసరికి మంచం కిర్రుమంటే కళ్లు తెరిచేది. కథ మళ్లీ మొదటికి.

ఆ నలభై నిమిషాలూ నాకు ఇష్టంగానే ఉండేవి. పగలు అడిగితే చెప్పని సంగతులు పిల్లలు చీకట్లో చెబుతారు. ముఖం చూడనక్కర లేని మాటలు వాళ్లకూ తేలిక కాబోలు. బడిలో తనను తోసిన పిల్లవాడి గురించి మా పాప అలాగే ఒక రాత్రి, నా చెవి నలుపుతూ చెప్పింది. ఈ దారిని తీసిపారేసే సలహాలు ఈ లాభాన్ని లెక్కలో వేసుకోవు.

నష్టాలూ ఉన్నాయి. నిద్రపుచ్చే మనిషి మారితే నిద్ర రాదు. ఆ మనిషికి జ్వరం వచ్చినా, ఊరెళ్లినా ఇల్లంతా తలకిందులు. సాయంత్రం కాస్తా కరిగిపోతుంది, ఎందుకంటే సగం రోజులు పిల్లలకన్నా ముందు మనమే నిద్రపోతాం. కన్ను అంటుకునే క్షణంలో పక్కన ఏముందని పైన అన్నానే, అక్కడ ఈ దారి తడబడుతుంది. నిద్రపోయేటప్పుడు ఉన్న చెవి నడిరాత్రి ఉండదు.

అయితే తెల్లవార్లూ అదే మంచం మీద పిల్లలతో పడుకునే కుటుంబానికి ఈ చిక్కు లేదు. కళ్లు తెరిచినా అదే చేయి అక్కడే ఉంటుంది. అలా పడుకోవడం మీ అందరికీ హాయిగా ఉంటే, ఎవరో ఏదో అన్నారని మార్చుకోవలసిన పని లేదు. కష్టం వచ్చేది నిద్రపుచ్చి లేచి వెళ్లిపోయేవారికి.

## రెండు: కుర్చీలో కూర్చుని కొద్దికొద్దిగా దూరం జరగడం

మంచం పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంటారు. రెండు మూడు రాత్రులు అక్కడే. తర్వాత కుర్చీ గది మధ్యకు, ఆ తర్వాత గుమ్మం దగ్గరికి, ఆపైన గుమ్మం బయటికి. ప్రతి మజిలీలో రెండు మూడు రాత్రులు ఆగుతారు. కూర్చున్నంతసేపూ మాట తక్కువ, చూపు తక్కువ. ఏడిస్తే గొంతుతో ఓదార్చవచ్చు, ఒకసారి తట్టి వెనక్కి రావచ్చు, ఎత్తుకోకూడదు.

ఎడబాటు దిగులు ఉన్న పిల్లలకు ఇది మెత్తని దారి. మనం ఉన్నాం, కనిపిస్తున్నాం, కానీ నిద్ర మాత్రం వాళ్లే తెచ్చుకుంటున్నారు. మా ఇంట్లో ఎక్కువగా పనిచేసింది ఇదే. మూడు వారాలు పట్టింది. చెవి తమ్మె బదులు ఒక మెత్తని గుడ్డ అంచును నలపడం పాప తనంతట తానే మొదలుపెట్టింది. ఆ గుడ్డ రాత్రంతా పక్కనే ఉంటుంది కాబట్టి నడిరాత్రి పిలుపులు ఆ నెలలోనే తగ్గాయి.

కొందరు పిల్లలకు ఇది అస్సలు పడదు. కనిపిస్తూ అందకుండా ఉండే నాన్న, అసలు కనిపించని నాన్న కన్నా ఎక్కువ ఏడిపిస్తాడు. వాళ్లు లేచి నిలబడతారు, పిలుస్తారు, నవ్విస్తారు, ఆడిద్దామని చూస్తారు. నాలుగైదు రాత్రులైనా హుషారు తగ్గకపోతే మీ పిల్లల స్వభావానికి ఈ దారి కాదని అర్థం. ఇంకో మాట. కుర్చీలో కూర్చుని ఫోను చూడకండి. ఆ వెలుగు వాళ్ల కళ్లకూ తగులుతుంది, మీ ముఖం మీద ఆ వెలుగు పడినంతసేపూ వాళ్లు మిమ్మల్నే చూస్తుంటారు.

## మూడు: బయటికి వెళ్లి, ఆగి ఆగి వచ్చి చూడటం

పిల్లలు మెలకువగా ఉండగానే శుభరాత్రి చెప్పి బయటికి వస్తారు. ఏడిస్తే ముందుగా అనుకున్న సమయం దాకా ఆగి లోపలికి వెళ్లి, నిమిషంలోపు ధైర్యం చెప్పి మళ్లీ వస్తారు. ఆ సమయం 3 నిమిషాలతో మొదలై, తర్వాత 5, ఆ తర్వాత 10 ఇలా పెరుగుతుంది. అమెరికా వైద్యుడు రిచర్డ్ ఫెర్బర్ 1985లో దీన్ని ప్రచారంలోకి తెచ్చారు. అందుకే చాలామంది ఆయన పేరుతోనే పిలుస్తారు.

ఎక్కువ గొడవలు దీని గురించే జరుగుతాయి. ఏడుపు పిల్లల మనసుకు శాశ్వతంగా హాని చేస్తుందా అన్నది అసలు భయం. ఆస్ట్రేలియాలో ఏడు నెలల వయసులో నిద్ర సమస్య ఉన్న 326 మంది పిల్లల కుటుంబాలతో జరిగిన ఒక అధ్యయనంలో కొందరికి ఈ పద్ధతినీ, కుర్చీ పద్ధతినీ నేర్పారు. ఆ పిల్లలు ఆరేళ్ల వారయ్యాక చూస్తే, వారి మనసులో గానీ, ప్రవర్తనలో గానీ, తల్లీబిడ్డల బంధంలో గానీ మిగతావారితో పోలిస్తే చెడు ఏదీ కనిపించలేదు. 2012లో ఈ ఫలితాలు వచ్చాయి. అదే అధ్యయనం ఇంకో మాట కూడా చెబుతుంది: ఆరేళ్లకు వచ్చేసరికి అదనపు మేలు కూడా కనిపించలేదు. అంటే ఇది ఈ ఏడాది ఇంటిల్లిపాదికీ నిద్ర దొరకడానికి ఉపయోగపడే సాధనం, పిల్లల భవిష్యత్తును దిద్దే మంత్రం కాదు.

త్వరగా ఫలితం ఇచ్చేది ఇదే, చాలాసార్లు వారంలోపే. కానీ మధ్యలో వదిలేస్తే ఎక్కువ నష్టం చేసేదీ ఇదే. రెండో రాత్రో మూడో రాత్రో ఏడుపు మొదటి రాత్రి కన్నా పెరగవచ్చు. అప్పుడు నలభై నిమిషాలు విని లొంగిపోతే, నలభై నిమిషాలు ఏడిస్తే నాన్న వస్తాడని పిల్లలు నేర్చుకుంటారు. నేను సరిగ్గా ఇదే చేశాను, మూడో రాత్రి. నా గుండె అంతకన్నా తట్టుకోలేదు. తట్టుకోలేనివారు దీన్ని మొదలుపెట్టకపోవడమే పిల్లలకు మేలు. తట్టుకోగలవారిని రాతిగుండె అనడం అన్యాయం.

చీకటి భయం ఉన్న పిల్లలకు, జ్వరంగా ఉన్నప్పుడు, తమ్ముడో చెల్లెలో పుట్టిన కొత్తలో, ఇల్లు మారిన వారంలో ఇది వద్దు.

## నాలుగు: పడుకునే వేళను కొన్నాళ్లు ఆలస్యంగా జరపడం

తగినంత గుర్తింపు రాని దారి ఇది. నాకు చాలా ఇష్టం. నిద్ర వేళకు ముందు ఒకటి రెండు గంటల పాటు మనిషి శరీరం మామూలుకన్నా హుషారుగా ఉంటుంది. "ఇంతసేపూ కళ్లు నలుపుకుంది, ఇప్పుడేమో గంతులేస్తోంది" అని మనం విసుక్కునేది చాలాసార్లు ఆ వేళనే. సరిగ్గా అప్పుడే దీపం తీసి పడుకోమంటే నిద్ర ఎలా వస్తుంది?

చేయవలసింది ఇది. వారం రోజులు పిల్లలు నిజంగా నిద్రపోయిన సమయాన్ని రాసుకోండి. మంచం ఎక్కిన సమయం కాదు, కన్ను అంటుకున్న సమయం. అది తొమ్మిదిన్నర అయితే పడక వేళను తొమ్మిదిన్నర చేయండి. తొమ్మిదింటి దాకా మామూలుగా ఆడుకోనివ్వండి, తర్వాత అరగంట మీ రోజువారీ వరుస. పొద్దున లేపే వేళ మాత్రం మార్చకండి. మంచం ఎక్కిన పావుగంటలో నిద్ర పట్టడం రెండు మూడు రాత్రులు కుదిరాక పడక వేళను 15 నిమిషాలు ముందుకు తెండి. అలా మెట్టు మెట్టుగా మీకు కావలసిన వేళకు చేరండి.

ఆస్ట్రేలియాలోనే ఆరు నుంచి పదహారు నెలల 43 మంది పిల్లలతో 2016లో ప్రచురించిన అధ్యయనం దీన్నీ, పైన చెప్పిన ఆగి ఆగి వచ్చే పద్ధతినీ పక్కపక్కన పెట్టి చూసింది. రెండింటిలోనూ పిల్లలకు త్వరగా నిద్ర పట్టింది. ఒత్తిడిని చూపే కార్టిసాల్ రెండింటిలోనూ పెరగలేదు. రాత్రి మెలకువలను తగ్గించడంలో మాత్రం ఆగి ఆగి వచ్చే పద్ధతే ముందుంది.

దీనిలో ఏడుపు దాదాపు ఉండదు. మంచం అంటే పేచీ పడే చోటు అన్న ముద్ర పోయి, మంచం ఎక్కితే నిద్ర వస్తుందన్న ముద్ర పడుతుంది. కష్టమల్లా పెద్దవాళ్లకే, మొదటి వారం మీ సాయంత్రం ఇంకా కుదించుకుపోతుంది. అసలే నిద్ర చాలని పిల్లలకు, పొద్దున ఆరింటికే ఎక్కడికో వెళ్లవలసిన పిల్లలకు ఇది కుదరదు.

## ఐదు: చీటీ ఇవ్వడం

మూడేళ్లు దాటి, మాట అర్థమై, మంచం దిగి పదేపదే బయటికి వచ్చే పిల్లలకు. రాత్రి పడుకోబోయే ముందు ఒక అట్టముక్క ఇస్తారు. దాంతో ఒక్కసారి బయటికి రావచ్చు, లేదా ఒక్కసారి అమ్మనో నాన్ననో పిలవవచ్చు. నీళ్లకైనా, ముద్దుకైనా, చేపల ప్రశ్నకైనా సరే. వాడుకున్నాక చీటీ మనకు ఇచ్చేయాలి. ఆ తర్వాత వస్తే మాటల్లేకుండా తీసుకెళ్లి పడుకోబెట్టడమే. అమెరికాలో 1999లో ప్యాట్రిక్ ఫ్రైమన్, ఆయన సహచరులు దీన్ని ఇద్దరు పిల్లలతో పరీక్షించారు. తర్వాత 2007లో మూడు నుంచి ఆరేళ్ల 19 మంది పిల్లలతో చేసిన ప్రయోగంలోనూ బయటికి రావడం, పిలవడం తగ్గాయి.

దీనిలో నాకు నచ్చింది, పిల్లల చేతిలో కాస్త అధికారం పెట్టడం. అడిగితే దొరుకుతుందని తెలిసినప్పుడు అడగవలసిన తొందర తగ్గుతుంది. మా పాప చీటీని దిండు కింద దాచుకుని, వాడకుండానే నిద్రపోయిన రాత్రులు చాలా ఉన్నాయి. పొద్దున దాన్ని నా చేతిలో పెట్టేటప్పుడు ఎంత గర్వమో.

రెండేళ్ల పిల్లలకు ఇది అర్థం కాదు. నిజంగా భయపడుతున్న పిల్లలకు ఒక్క చీటీ చాలదు, అక్కడ లెక్కపెట్టడమే తప్పు.

## ఒక్కచోట చూస్తే

| దారి | వయసు | ఏడుపు | మార్పు కనిపించడానికి | నడిరాత్రి మెలకువ | ఎవరికి కష్టం |
|---|---|---|---|---|---|
| పక్కన పడుకోవడం | ఏడాది దాటాక | చాలా తక్కువ | ఆ రాత్రే నిద్రపోతారు | లేచి వెళ్లిపోతే తగ్గదు | సాయంత్రం ఖాళీ కావలసినవారికి |
| కుర్చీ | ఏడాది దాటాక | మధ్యస్థం | రెండు మూడు వారాలు | తగ్గుతుంది | ఓపిక తక్కువైనవారికి |
| ఆగి ఆగి రావడం | ఆరు నెలలు దాటాక | మొదట ఎక్కువ | సుమారు వారం | బాగా తగ్గుతుంది | ఏడుపు వినలేనివారికి |
| వేళ జరపడం | ఆరు నెలలు దాటాక | చాలా తక్కువ | ఒకటి నుంచి మూడు వారాలు | కొంత తగ్గుతుంది | పెందలాడే లేవాల్సినవారికి |
| చీటీ | మూడేళ్లు దాటాక | తక్కువ | కొద్ది రాత్రుల నుంచి రెండు వారాలు | దీనికోసం కాదు | మాట మార్చే పెద్దలకు |

## ఎవరికి ఏది

ఒంటరిగా పిల్లలను పెంచుతున్నవారికి నా సలహా నాలుగో దారి. రోజంతా ఒక్కరే మోసి, రాత్రి ఏడుపును కూడా ఒక్కరే మోయడం భారం. వేళ జరపడంలో ఒంటరిగా గట్టిగా నిలబడవలసిన క్షణాలు తక్కువ.

ఇద్దరు చిన్నపిల్లలు ఒకే గదిలో ఉంటే మూడో దారి దాదాపు కుదరదు, ఒకరి ఏడుపు ఇంకొకరిని లేపుతుంది. పెద్ద పిల్లకు చీటీ ఇచ్చి, చిన్నవాడి పక్కన కుర్చీ వేసుకోవడం అలాంటి ఇంటికి తగిన కలయిక. చిన్నవాణ్ణి అరగంట ముందు పడుకోబెడితే పెద్దదానికి మీతో విడిగా కాస్త సమయం దొరుకుతుంది. ఆ కాస్త సమయం కోసం పెద్దపిల్లలు ఎంత ఎదురుచూస్తారో ఒకసారి చేసి చూడండి.

పని నుంచి రాత్రి ఎనిమిది దాటాక ఇల్లు చేరేవారు నన్ను ఎక్కువగా అడిగేది, "వాడు నన్ను చూసేదే ఆ గంట, అప్పుడు పడుకోమని ఎలా అనను?" అని. అనవద్దు. పొద్దున లేవాల్సిన సమయం అనుమతిస్తే పడక వేళను తొమ్మిదిన్నరకు పెట్టి, వచ్చాక ఎగరేసి ఆడించే ఆటలు కాకుండా స్నానం, బట్టలు మార్చడం, కథ, ఇవన్నీ మీ వంతు చేసుకోండి. కలిసి గడిపే సమయమూ అదే, నిద్రకు దారీ అదే అవుతుంది.

చీకటి భయం రెండు మూడేళ్ల వయసులో, ఊహ రెక్కలు విప్పుకునేటప్పుడు వస్తుంది. మంచం కింద ఏదీ లేదని వాదించి గెలవలేం. మసక దీపం, తలుపు వారగా తీసి ఉంచడం, రెండో దారి, ఈ మూడూ కలిపి వాడండి. పగటి పూట అదే గదిలో చీకటి చేసుకుని దాగుడుమూతలు ఆడటం మా ఇంట్లో అన్నిటికన్నా ఎక్కువ పనిచేసింది.

ఏడాది లోపు పిల్లల దగ్గర సుఖం కన్నా భద్రత ముందు. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2022లో మళ్లీ గట్టిగా చెప్పింది: ప్రతిసారీ వెల్లకిలా పడుకోబెట్టాలి. పరుపు గట్టిగా, చదునుగా ఉండాలి. దిండు, బొంత, మెత్తని బొమ్మలు ఉండకూడదు. కనీసం ఆరు నెలలు తల్లిదండ్రుల గదిలోనే, కానీ విడి పక్క మీద పడుకోబెట్టాలి. పసిబిడ్డను ఎత్తుకుని సోఫాలో కునుకు తీయడం మాత్రం చాలా ప్రమాదం. మీకు నిద్ర ఆగడం లేదనిపిస్తే బిడ్డను విడి పక్క మీద పడుకోబెట్టి ఆ తర్వాతే కూర్చోండి.

## పుస్తకమా, నోటి కథా, పాటా?

చివరి పది నిమిషాల గురించి కూడా చాలామంది తటపటాయిస్తారు. ఇక్కడ ఏది తీసుకున్నా నష్టం లేదు, కాబట్టి క్లుప్తంగా చెబుతాను.

పుస్తకానికి హద్దు ఉంటుంది. ఆఖరి పేజీ వస్తే అయిపోయినట్టేనని పిల్లలకూ తెలుసు. చదివిందే చదవమంటే విసుక్కోకండి. పరిశోధకురాలు జెస్సికా హోర్స్ట్ బృందం 2011లో మూడేళ్ల పిల్లలతో చేసిన ప్రయోగంలో, వేర్వేరు కథలు విన్నవారికన్నా అవే కథలు మళ్లీ మళ్లీ విన్నవారు కొత్త మాటలు ఎక్కువ నేర్చుకున్నారు. బొమ్మలు చూపించి ప్రశ్నలడగడం పగటి చదువుకు మంచిది. రాత్రి మాత్రం గొంతు తగ్గిస్తూ చదువుకుంటూ పోవడమే.

నోటి కథకు దీపం అక్కర్లేదు, చీకట్లోనే చెప్పవచ్చు. చిక్కు ఏమిటంటే దానికి ఆఖరి పేజీ లేదు. "తర్వాత ఏమైంది?" అన్న ప్రశ్న ఎంతదూరమైనా సాగుతుంది. కథలోని జంతువులన్నీ ఒక్కొక్కటిగా పడుకునేలా చెప్పడం నేను కనుక్కున్న కిటుకు. ఐదో జంతువు ఆవులించేసరికి మా పాపకూ ఆవులింత వచ్చేది.

పసివాళ్లకు పాటకు మించింది లేదు. ఎప్పుడూ వినని పరాయి భాషల జోలపాటలు విన్నా పసిపిల్లల గుండె వేగం నెమ్మదించినట్టు 2021లో ప్రచురించిన ఒక అధ్యయనంలో తేలింది. కాబట్టి గొంతు బాగుండదని వెనకాడకండి, పదాలు మరిచిపోతే కూనిరాగం చాలు. పాటల రికార్డు పెట్టి వెళ్లిపోయేవారు మాత్రం ఒకటి గమనించుకోవాలి. నిద్రపట్టాక అది ఆగిపోతే, నడిరాత్రి మెలకువలో పిల్లలకు అదే కొరత అవుతుంది.

## పద్ధతి మార్చి లాభం లేని చోట

వారంలో మూడు రాత్రులో అంతకు మించో గట్టిగా గురక పెట్టడం, నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం, రాత్రంతా పడుకున్నా పగలు తూలుతూ ఉండటం కనిపిస్తే డాక్టరుకు చూపించండి. అప్పుడు కుర్చీలు, చీటీలు జరిపి ప్రయోజనం లేదు. రాత్రి మొదటి భాగంలో కళ్లు తెరిచి కేకలు పెడుతూ, మనల్ని గుర్తుపట్టకుండా, పొద్దున ఏమీ గుర్తులేకుండా ఉంటే అది పీడకల కాదు, నిద్రలో వచ్చే ఒక రకం ఉలికిపాటు. లేపకండి, దెబ్బ తగలకుండా పక్కన ఉండండి, దానంతటదే తగ్గుతుంది. పీడకల తెల్లవారుజాము వైపు వస్తుంది, పిల్లలు పూర్తిగా లేచి మనల్ని పట్టుకుంటారు. దానికి ఓదార్పు కావాలి, ఆ రాత్రికి ఏ నియమమూ అడ్డు రాకూడదు.

జ్వరం, ప్రయాణం, పంటి నొప్పి వచ్చిన రోజుల్లోనూ అంతే. ఆ నాలుగు రాత్రులు పక్కన పడుకోండి. ఒళ్లు చల్లబడ్డాక మళ్లీ కుర్చీ వేసుకోండి, మొదటిసారి పట్టినంత కాలం పట్టదు. మా పాపకు వారం రోజుల జ్వరం తగ్గాక మూడో రాత్రికే, నేను ఇంకా కూర్చోకముందే, గుడ్డ అంచు వేళ్ల మధ్య పట్టుకుని అటు తిరిగి పడుకుంది.